పిట్టంటే బాయే

గోదావరిఖనిలో బొగ్గు కోసం భూమి కిందికి పోయే తోవ ఒక్కటే, దాన్ని పిలిచే పేర్లు మాత్రం మూడు. ఊరి పేరులో అది ఖని. యూనియన్ కరపత్రంలో, రక్షణ కమిటీ కాగితాల్లో అది పిట్. ఇంట్లో అమ్మ నోట అది బాయి. వాకిట్లో ఎవరన్నా నిలబడి 'మీ బాపు లేడా?' అని అడిగితే మా కాలనీలో ఏ గడపలోంచైనా ఒకటే జవాబు వచ్చేది: 'బాయికి పోయిండు.' పిట్‌కు పోయిండని గానీ, ఖనికి పోయిండని గానీ ఎవరూ అనగా నేను వినలేదు.

పట్నంలో చదువుకునే రోజుల్లో ఈ బాయి మాట పలకడానికి మాలో చాలామంది వెనకాడేవాళ్లం. గని అంటే పుస్తకం మాట, పిట్ అంటే ఇంజనీరు మాట, బాయి అంటే చదువు రానివాళ్ల మాట అనే లెక్క ఒకటి ఎవరూ నేర్పకుండానే మా తలల్లోకి ఎక్కింది. ఆ లెక్క ఎంత అన్యాయమైందో తెలియాలంటే ముందు ఆ పొట్టి ఇంగ్లిషు మాట పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

పిట్ అనే మాట ఇంగ్లిషువాళ్ల సొంతం కాదు. పాత ఇంగ్లిషులో అది 'పుట్ట్'కు దగ్గరగా పలికేది. అంతకు ముందే, రోమన్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు సాగిన కాలంలోనే, జర్మానిక్ జాతులు దాన్ని లాటిన్ నుంచి తీసుకున్నాయి. లాటిన్‌లో అది పుతెయుస్. పుతెయుస్ అంటే బావి, నీళ్లు తోడుకునే బావి. భూమిలోంచి తనంతట తాను ఉబికే ఊటకు ఆ జాతులకు వేరే మాట ఉంది, ఇప్పటి 'వెల్' అందులోంచి వచ్చిందే. మనిషి పూనుకుని తవ్వి, గోడకు రాయి కట్టే బావికి మాత్రం రోమన్ల మాటే అరువు తెచ్చుకున్నారు. బైబిల్లో దీనికి మంచి సాక్ష్యం ఉంది. లూకా సువార్తలో విశ్రాంతి దినాన పశువు పడిపోయే చోటు లాటిన్‌లో పుతెయుస్. 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో అదే పిట్. ఈ కాలపు ఇంగ్లిషు అనువాదాలు కొన్ని దాన్ని మళ్లీ బావి అనే రాస్తున్నాయి.

లాటిన్ నుంచి పుట్టిన మిగతా భాషల్లో ఆ బావి ఇంకా చెక్కు చెదరలేదు. ఫ్రెంచివాళ్లు ఊరి బావినీ, బొగ్గుగని నిలువు దారినీ ఒకే మాటతో 'ప్వీ' అంటారు. స్పెయిన్‌లో రెండింటికీ 'పోసో'. అక్కడి ఆస్తురియాస్ ప్రాంతంలో బొగ్గుగనుల పేర్లు ఈ పోసోతోనే మొదలవుతాయి. జర్మనీలో రూర్ లోయ బొగ్గుగనులు నడిచినన్నాళ్లూ కార్మికుడు ఇంట్లో చెప్పిన మాట 'ప్యుట్', అదీ పుతెయుస్ సంతానమే. అంటే ఆస్తురియాస్ గని మనిషి డ్యూటీకి బయల్దేరుతూ భార్యకు చెప్పేదీ, మా బాపు టిఫిన్ గిన్నె పట్టుకుని మా అమ్మకు చెప్పేదీ అచ్చంగా ఒకే వాక్యం: బాయికి పోతున్న. వీళ్లకు వాళ్ల సంగతి తెలియదు, వాళ్లకు వీళ్ల సంగతి తెలియదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న మాట కాదిది. భూమిలోకి దిగి బతికే మనుషులు ఎక్కడివాళ్లయినా ఆ చోటును చూసి అదే అన్నారు.

ఇంగ్లిషులో ఈ మాట బొగ్గు దగ్గరే ఆగలేదు, చాలా తిరిగింది. కోడిపుంజులను కొట్లాటకు దింపే గుంటను పిట్ అన్నారు. ఒకరి మీదికి ఒకరిని ఎగదోయడానికి ఇంగ్లిషులో ఇప్పటికీ అదే మాట క్రియగా వాడతారు. మనవాళ్లు ఎన్నికల్లో అభ్యర్థిని 'బరిలోకి దింపారు' అన్నప్పుడు ఆ బరీ కోడిపందేల బరే. ఆ కోళ్ల గుంట పేరే కాక్‌పిట్. అది యుద్ధనౌకల అడుగు అంతస్తులో గాయపడినవాళ్లకు వైద్యం చేసే ఇరుకు గదికి పేరయింది, తర్వాత చిన్న పడవలో చుక్కాని పట్టే చోటుకు, చివరికి విమానంలో పైలట్ కూచునే చోటుకు వెళ్లింది. నాటకశాలలో రంగస్థలం ముందు కింది భాగం పిట్. అంటే మన సినిమాహాలు నేల టికెట్. రైల్వేలో పెట్టెల కింద దూరి మరమ్మతు చేసే కాలవలున్న పట్టాలను పిట్‌లైన్ అంటారు. మా వైపు జనం రైలు మారే కాజీపేటలో ఆ మాట కూలీకి కూడా తెలుసు. కార్ల పందెంలో ఆగి చక్రాలు మార్చుకునే చోటునూ పిట్ అనే అంటారు. పండులో గింజను అమెరికావాళ్లు పిట్ అంటారు గానీ అది వేరే చుట్టం. డచ్చివాళ్ల నుంచి వచ్చింది, దానికి మూలం గుజ్జు, మూలుగ అనే అర్థం. విలియం పిట్ అనే ఇంగ్లండ్ మంత్రి ఇంటిపేరు మాత్రం అసలు పిట్టే, గుంట పక్కన కాపురమున్న పూర్వీకుల పేరు. 1758లో ఆయన పేరు పెట్టిన పిట్స్‌బర్గ్ తర్వాత బొగ్గుకూ ఉక్కుకూ ప్రపంచ ప్రసిద్ధమైన ఊరయింది. పేరు పెట్టినవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసే వీలు లేదు.

మన బావి సంగతి కూడా చూడాలి. ఇది సంస్కృతం 'వాపి' నుంచి వచ్చిన మాట. గుజరాత్‌లో మెట్లబావుల్ని 'వావ్' అనేదీ దీన్నే. మన సొంత మాట నుయ్యి ఉండగానే వాపిని తెచ్చుకుని బావి చేసుకున్నాం, తెలంగాణలో బాయి చేసుకున్నాం. ఇంగ్లిషువాళ్లు తమ మాట ఉండగా పుతెయుస్‌ను తెచ్చుకున్నట్టే. ఇక ఖని కూడా సంస్కృతమే, తవ్వడం అనే ధాతువు నుంచి పుట్టింది. దాన్నే నాలుకకు అలవాటు చేసుకుంటే గని అయింది. పొట్టి ఇంగ్లిషు మాటకు గౌరవం, పొడుగు సంస్కృతం మాటకు గౌరవం, మధ్యలో బాయికి మాత్రం చిన్నచూపు ఎందుకుండాలి? మూడూ ఎక్కడినుంచో నడిచి వచ్చినవే.

ఖని అనే మాటకు మా బొగ్గు బెల్టులో ఒక విచిత్రమైన గతి పట్టింది. గనులకు పెద్దలు అందమైన పేర్లు పెట్టారు: గోదావరిఖని, రవీంద్రఖని, కల్యాణిఖని, కొత్తగూడెం వైపు పద్మావతిఖని, భూపాలపల్లిలో కాకతీయఖని. కార్మికులు మాత్రం జీడీకే, ఆర్కే, కేకే, పీవీకే, కేటీకే అంటారు. ఈ పొట్టి పేర్లన్నిటికీ చివరనున్న 'కే' ఖనే. వేల సంవత్సరాల సంస్కృత ధాతువు ఒక రోమన్ అక్షరంలో ఒదిగి కూచుంది. ఆర్కే ఫైవ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినవాడిని ఆర్కే అంటే ఏమిటని అడిగితే ఒక్కోసారి ఆలోచనలో పడతాడు. మందమర్రి పోయే రైలు ఎక్కితే మాత్రం స్టేషన్ బోర్డు మీద రవీంద్రఖని అని నిండుగా కనిపిస్తుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

బాయి అనే పేరు ఎవరు పెట్టారో ఏ రికార్డులోనూ దొరకదు, దొరకాల్సిన పని కూడా లేదు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కులు దక్కాయి. మూడేళ్లకు ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ తేదీలన్నీ కంపెనీ చరిత్రలో ఉంటాయి. ఆ తవ్వకాలకు తట్టా పారా పట్టుకుని వచ్చినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కూలీలు. వాళ్లు అంతకు ముందు భూమిలో దిగి చేసిన పెద్ద పని ఒక్కటే, బావి తవ్వడం. గట్టినేల తగిలితే తూటా పెట్టి పేల్చడం, మట్టి గంపలు పైకి లాగడం, ఊట పడితే తోడి పోయడం, ఒడ్డు కూలకుండా కాపాడుకోవడం, ఇవన్నీ వాళ్లకు బావి దగ్గరే తెలుసు. కొత్త పని కనబడగానే పాత పని పేరు దానికి వచ్చింది.

ఇంకో కారణం ఇంతకన్నా బలమైందని నా నమ్మకం. తెలంగాణ పల్లెలో 'బాయికాడికి పోతున్న' అంటే నీళ్లకు పోతున్నానని కాదు, పొలానికి పోతున్నానని. చెరువు కింద మాగాణి లేనివాడికి పొలమంటే బావే. మోటగానీ, కరెంటు మోటారుగానీ, సాగు బావి చుట్టూనే. సద్ది పట్టుకుని భార్య వచ్చేది బాయికాడికే, పిల్లలు ఈత నేర్చేది బాయిలోనే. అలాంటి ఊరి నుంచి గోదావరిఖనికి వచ్చినవాడు పొద్దున లేచి పనికి పోతూ 'బాయికి పోతున్న' అన్నాడంటే వాడు గనికి పేరు పెట్టలేదు, తన బతుకుకు పేరు పెట్టుకున్నాడు. ఊళ్లో బతుకునిచ్చేది బాయి, ఇక్కడా బతుకునిచ్చేది బాయే. రెండక్షరాల తేడా ఉండేది. 'బాయికాడికి' అంటే పొలం, 'బాయికి' అంటే బొగ్గు. ఊరి నుంచి మా తాత వచ్చినప్పుడు ఆయన ఒక బాయి గురించి, బాపు ఇంకో బాయి గురించి రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవాళ్లు. ఏది ఏదో విడదీసి చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు.

చదువుకున్నవాళ్లు ఒక అభ్యంతరం చెప్తారు. గోదావరిఖని గనుల్లో ఎక్కువ భాగం నిలువుగా దిగేవి కావు, ఏటవాలుగా పోయే ఇంక్లైన్లు. బావి నిలువుగా ఉంటుంది కదా, బాయి అనడం తప్పు కదా అని. ఇంక్లైన్ అంటే లాటిన్‌లో వంగడం, వాలడం. వన్ ఇంక్లైన్, టూ ఇంక్లైన్, లెవెన్ ఇంక్లైన్, చివరికి యైటింక్లైన్ కాలనీ, మా ఊళ్లో ఈ మాట ఉత్తరాల చిరునామాలకు కూడా ఎక్కింది. అయినా అభ్యంతరం నిలవదు. తెలుగులో దిగుడుబావి అనే మాట ఉంది. మెట్ల మీదుగా నడుచుకుంటూ నీళ్లదాకా దిగే బావి అది. వరంగల్ శివనగర్‌లో ఇప్పటికీ చూడొచ్చు. సంస్కృత వాపికి మెట్లున్న బావి అనే అర్థం కూడా ఉంది. ఇంక్లైన్ మొగదల నిలబడి చూడండి. ఏటవాలు తోవ, పక్కన మనుషులు దిగే మెట్లు, మధ్యలో టబ్బులు పోయే పట్టాలు, లోపలికి పోయేకొద్దీ చల్లదనం. దానికి పిట్ కన్నా దిగుడుబావి సరిపోయే మాట. పిట్‌లోకి తాడు కట్టి దించాలి, బాయిలోకి మనిషి తన కాళ్ల మీద దిగుతాడు. తర్వాత కొన్నిచోట్ల చైర్‌లిఫ్ట్‌లు వచ్చాయి గానీ, మా బాపు తరం మోకాళ్లు అరిగింది ఆ మెట్ల మీదే. టబ్బు నింపి, షిఫ్టు చివర మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కి ల్యాంప్ రూంలో దీపం అప్పగించాలి.

మా బాపుది పంపు డ్యూటీ. ఆయన పని విన్నవాళ్లకు బాయి అనే మాట అలంకారం కాదని అర్థమవుతుంది. బొగ్గుపొర ఒక దిక్కుకు వాలి ఉంటుంది. పల్లం వైపును డిప్ అంటారు, మిట్ట వైపును రైజ్ అంటారు. ఎక్కడ ఊరినా నీళ్లు డిప్ వైపుకే జారి సంపులో చేరతాయి. అక్కడి నుంచి ఒక పంపు ఇంకో సంపుకు, అది పైసంపుకు, అంచెలంచెలుగా భూమ్మీదికి తోడాలి. బొగ్గు తీయడం ఒక్క షిఫ్టు ఆగినా ఫర్వాలేదు, సమ్మె రోజైనా, పండగ రోజైనా నీళ్లు తోడడం ఆగకూడదు. సమ్మె పిలుపు ఇచ్చే యూనియన్లు కూడా అత్యవసర పనులకు ఒప్పుకునేది అందుకే. గోదావరి ఒడ్డున ఇసుకరాతి పొరల కింద తవ్విన ఊరు మాది, నీళ్లు ఎక్కడికీ పోవు. దసరా నాడు అందరి బాపులూ జమ్మి చెట్టు దగ్గరికి పోతుంటే మా బాపు బాయికి పోయేవాడు. చిన్నప్పుడు దాని మీద చాలా కోపం ఉండేది. తోడకపోతే ఏమవుతుందో తెలిశాక ఆ కోపం పోయింది.

2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో ఇలాగే నీళ్లు ముంచెత్తి 370 మందికి పైగా చనిపోయారు. బొగ్గుగని అంటే బయటివాళ్లకు మంట, వాయువు, కూలే కప్పు గుర్తుకొస్తాయి. నీళ్ల సంగతి అంతగా తట్టదు. పక్కన ఎప్పుడో తవ్వి వదిలేసిన గ్యాలరీలు నిండి ఉంటాయి. నిండిన పాత బాయికీ పనిచేసే కొత్త బాయికీ నడుమ ఒక బొగ్గు గోడే అడ్డం. ఆ గోడ మందం ఎంతుండాలో చట్టం చెప్తుంది, పాత తవ్వకం ఎక్కడిదాకా పోయిందో ప్లాను చూసి తెలుసుకోవాలి, అనుమానం ఉంటే ముందుగా సన్న బోరు వేసి చూసుకోవాలి. సెవెన్ ఎల్‌ఈపీ తర్వాత మా కాలనీల్లో ఆడవాళ్లు కొన్నాళ్లపాటు బాయి అనే మాటను గొంతు తగ్గించి పలికారు. నేను విన్నాను. నూతిలో పడడం అనే మాటకు ఊళ్లో ఉన్న పాత భయమే ఇక్కడా వచ్చి నిలబడింది.

పిట్ అనే మాటకు కార్మికుడి నోట ఒక్కచోట మాత్రం స్థానం ఉంది, అది యూనియన్. ప్రతి గనికీ ఒక పిట్ కార్యదర్శి ఉంటాడు. పత్రికల్లో అప్పుడప్పుడు 'ఫిట్ కార్యదర్శి' అని పడుతుంది, జనం నోటా అలాగే పలుకుతుంది. మస్టర్ పడకపోయినా, ల్యాంపు సరిగా వెలగకపోయినా, రూఫ్ బాగాలేదనిపించినా ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. ఇంగ్లిషు మాట ఇక్కడ బరువు మోసింది, హక్కు అడిగే కాగితం మీద నిలబడింది. దాన్ని నేను తక్కువ చేయను.

పిట్‌హెడ్ అనే ఇంకో మాట మా ఊరి నుంచే దక్షిణ భారతానికంతా వెలుగిచ్చింది. గని నోటి దగ్గరే కట్టే కరెంటు కేంద్రాన్ని పిట్‌హెడ్ స్టేషన్ అంటారు. బొగ్గును దూరం మోయడం కన్నా కరెంటును తీగ మీద పంపడం చవక అనే లెక్క. రామగుండం ఎన్‌టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, తర్వాత పెరుగుతూ 2,600 మెగావాట్లకు చేరింది. ఆ బొగ్గు కాలి మిగిలిన సన్నటి బూడిద సిమెంటులో కలుస్తుంది. సిమెంటు బస్తా మీద 'పోర్ట్‌లాండ్ పొజొలానా' అని రాసి ఉండడం తాపీమేస్త్రీలందరికీ తెలుసు. ఆ పొజొలానా ఏమిటో తెలిశాక నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఇటలీలో నేపుల్స్ దగ్గర పొజ్జువోలి అనే ఊరుంది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపితే నీటి అడుగున కూడా గట్టిపడుతుందని రోమన్లు కనిపెట్టారు. సముద్రంలో రేవులు కట్టారు. ఆ బూడిదకు ఆ ఊరి పేరే స్థిరపడింది. రోమన్ల కాలంలో ఆ ఊరి పేరు పుతెయోలి. అక్కడి గంధకపు కంపును బట్టి వచ్చిందని కొందరన్నారు. పుతెయుస్ నుంచి వచ్చింది, చిన్న బావులు అని అర్థం అని మరికొందరన్నారు. ఈ రెండో మాటే నిజమైతే, బాయిలోంచి తీసిన బొగ్గు కాలి బూడిదై, బావుల ఊరి పేరు పెట్టుకుని మన ఇళ్ల గోడల్లోకి వస్తోంది.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య 40 వేల దరిదాపులకు తగ్గింది. ఇంగ్లిషు లెక్కన చూస్తే నిజమైన పిట్ ఈ ఓపెన్‌కాస్టే, ఆకాశానికి తెరుచుకున్న బ్రహ్మాండమైన గుంట. ప్రపంచమంతా దీన్ని 'ఓపెన్ పిట్' అంటోంది. కానీ మా దగ్గర ఓపెన్‌కాస్టును బాయి అన్నవాడు ఒక్కడూ లేడు. ఓసీపీ అంటారు, ఓపెన్‌కాస్ట్ అంటారు. డంపర్ డ్రైవరు 'ఓసీకి పోతున్న' అంటాడు. ఎందుకని రిటైరైన ఫిల్లర్లను, టింబర్‌మెన్‌ను, ట్రామర్లను అడిగి చూశాను. ఒకాయన తడుముకోకుండా, 'దాంట్ల దిగుడేముందయ్యా, అండ్ల మీదనే ఉంటరు' అన్నాడు. ఇంకొకాయన, 'బాయి అంటే నెత్తి మీద కప్పు ఉండాలె' అన్నాడు. మూడో ఆయన చెప్పింది అన్నిటికన్నా గట్టిది: 'బాయి మనం తవ్వుతం. గది మిషిని తవ్వుతది.' ఏ భాషాశాస్త్ర గ్రంథమైనా ఇంత స్పష్టంగా చెప్పగలదని నేను అనుకోను. లోతునో ఆకారాన్నో చూసి పెట్టిన పేరు కాదది. మనిషి దిగితే బాయి, దిగకపోతే వట్టి గుంట.

ఊళ్లలో కూడా బావులు పోతున్నాయి, బోర్లు వచ్చాయి. ఓపెన్‌కాస్టు కోసం ఖాళీ అయిన ఊళ్లలోనైతే ఇళ్లతో పాటు బావులూ పోయాయి. అంటే బాయి అనే మాట రెండు చోట్లా ఒకేసారి ఖాళీ అవుతోంది. బ్రౌన్ నిఘంటువు 1852లో వచ్చింది, ఇల్లెందు బొగ్గు కనబడింది 1871లో. కాబట్టి ఆయన బావికి ఈ అర్థం ఇవ్వలేదని తప్పు పట్టడంలో న్యాయం లేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మాత్రం నూరేళ్లకు పైగా సమయం దొరికింది. మాండలిక పదాలు పోగు చేసేవాళ్లు గోదావరిఖనికి, మందమర్రికి, బెల్లంపల్లికి, కొత్తగూడేనికి రావాలి. రిటైరైనవాళ్లు పొద్దున చౌరస్తా దగ్గర చాయ్ హోటళ్ల ముందు కూచుంటారు. బాయి, బాయిపని, బాయికాడ, దిగుడు, ఎక్కుడు, సంపు, డిప్పు, రైజు, జంక్షన్, టబ్బు, చెమ్మస్సు, ఏ మాట ఎక్కడ ఎలా వాడతారో అడిగితే ఓపిగ్గా చెప్తారు. బొగ్గుధూళితో ఊపిరితిత్తులు నిండినవాళ్లు చాలామంది, మాట మధ్యలో దగ్గుతారు, ఆగి మళ్లీ అందుకుంటారు. యంత్రాల పేర్లు కంపెనీ రికార్డుల్లో దొరుకుతాయి, వీళ్ల మాటలు వీళ్ల దగ్గర మాత్రమే దొరుకుతాయి. నిఘంటువులో బావి అనే మాట దగ్గర మూడో అర్థంగా బొగ్గుగని అని రాసి, పక్కన ఒక ఉదాహరణ వాక్యం వేయాలి. వాక్యం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, ఏ కాలనీలో ఏ తలుపు కొట్టినా చెప్తారు.